నిలబడే చోటు

ఫోటోగ్రఫీలో ప్రైమ్ అనిపించుకునే లెన్సుకు ఒకే ఒక చూపు ఉంటుంది. జూమ్ లెన్సు మీది వలయాన్ని తిప్పితే దూరంగా ఉన్నది దగ్గరికి వస్తుంది, దగ్గరగా ఉన్నది వెనక్కి జరుగుతుంది; ప్రైమ్ లెన్సుకు ఆ వలయమే లేదు కాబట్టి, దృశ్యం పెద్దదిగా కావాలంటే మనిషే నాలుగు అడుగులు ముందుకు వేయాలి, చిన్నదిగా కావాలంటే మనిషే వెనక్కి తగ్గాలి. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన జూమ్ లెన్సు చేసే పనుల్లో సగం కూడా చేయలేని ఈ వస్తువు కోసం, ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో ఫోటోలు తీసుకునే ఔత్సాహికులు మరో పదిహేను ఇరవై వేల రూపాయలు ఎందుకు పోస్తారన్నది పైకి వింతగా కనిపించే ప్రశ్న. అందరూ చెప్పే జవాబు వెలుతురు. ఆ జవాబులో అబద్ధం లేదు గాని, అది సగమే. మిగిలిన సగం దూరానికి సంబంధించినది, కొనేవారు సాధారణంగా పొరపడేది కూడా అక్కడే.

ఈ విషయం తేల్చుకోవడానికి రెండు కొలతలు తెలిస్తే చాలు. మొదటిది నాభ్యంతరం, అంటే చాలా దూరం నుంచి వచ్చే కాంతికిరణాలను లెన్సు ఎంత దూరంలో ఒక బిందువు దగ్గర కూడగడుతుందో ఆ దూరం. దీన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. ఇది పెరిగిన కొద్దీ లెన్సు చూసే కోణం సన్నబడుతుంది. రెండవది ఎఫ్-సంఖ్య. నాభ్యంతరాన్ని, వెలుతురు లోపలికి వచ్చే ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఈ అంకె కాబట్టి, అది ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దదని గుర్తు. 50 మి.మీ. లెన్సు మీద ఎఫ్/1.8 అని ఉంటే దాని ద్వారం పూర్తిగా తెరుచుకున్నప్పుడు సుమారు 28 మి.మీ. వెడల్పు ఉంటుంది. కెమెరాతో వచ్చే మామూలు జూమ్ లెన్సు అదే 50 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 కన్నా ఎక్కువగా తెరుచుకోదు, అంటే తొమ్మిది మిల్లీమీటర్ల లోపే. ద్వారపు వైశాల్యం వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి మొదటి లెన్సు గుండా వచ్చే వెలుతురు రెండవదాని కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ.

పది రెట్లు అనేది కాగితం మీద ఒక అంకె మాత్రమే. సాయంత్రం ఏడు గంటల వేళ, గోడకు ఒక్క ట్యూబులైటు వెలుగుతున్న గదిలో, చాప మీద కూర్చుని ఒక పెద్దావిడ మల్లెలు మాల కడుతున్న దృశ్యాన్ని తీసుకుంటే దాని విలువ తెలుస్తుంది. సెన్సరు వెలుతురుకు ఎంత చురుకుగా స్పందించాలో నిర్ణయించే ఐఎస్ఓ అంకెను 1600 దగ్గర ఉంచితే, అటువంటి మసక గదిలో ఎఫ్/5.6 దగ్గర షట్టరు సెకనులో పదమూడో వంతు సేపు తెరుచుకుని ఉండవలసి రావచ్చు. ఆ కాస్త వ్యవధిలోనే దారం మెలి తిరిగి ముడి బిగుసుకుంటుంది, ఫోటోలో వేళ్లకు బదులు ఒక తెల్లటి చారిక మిగులుతుంది. కొత్త కెమెరాల్లో సెన్సరునే అటూ ఇటూ కదిలించి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది గాని, అది ఫోటో తీసే చేతి వణుకును ఆపగలదే తప్ప మాల కట్టే చేతి కదలికను ఆపలేదు. అదే గదిలో, అదే ఐఎస్ఓ దగ్గర, ఎఫ్/1.8కి సెకనులో నూట పాతికో వంతు చాలు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలగకుండా పట్టిన జంట మొగ్గలు, వాటి కాడల మీదుగా బిగుసుకోబోతున్న దారపు ఉచ్చు, గోటి అంచున పొద్దుటి పసుపు మరక, అన్నీ విడివిడిగా నిలుస్తాయి.

అయితే ఈ వెలుతురు ఊరికే రాదు. ద్వారం పెద్దదైన కొద్దీ ఫోకస్ లోతు, అంటే ఫోటోలో స్పష్టంగా కనిపించే మేర, ముందు నుంచి వెనక్కి కుంచించుకుపోతుంది. 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉండే పెద్ద సెన్సరు మీద 50 మి.మీ. లెన్సును ఎఫ్/1.8 దగ్గర ఉంచి, మీటరున్నర దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేస్తే, స్పష్టంగా నిలిచే లోతు దాదాపు పది సెంటీమీటర్లు; ఎఫ్/5.6 దగ్గర అది ముప్ఫై. మాల కట్టే ఆవిడ చేతులు ముఖానికి ఒక అడుగు ముందుంటాయి. వేళ్లు తేటగా ఉంటే కళ్లు మసకబారతాయి, కళ్ల మీద ఫోకస్ నిలిపితే మల్లెలు కరిగిపోతాయి. రెండూ ఒకేసారి కావాలంటే ద్వారం మూయాలి, ద్వారం మూస్తే వెలుతురు చాలదు. మొదటిసారి ప్రైమ్ లెన్సు కొన్నవారిలో చాలామంది వారం తిరక్కుండానే ఆ లెన్సులో ఏదో లోపముందని అనుమానపడటానికి మూలం ఇక్కడే ఉంది. లెన్సు బాగానే ఉంటుంది. ఈ ఫోటో మాల గురించా, మాల కట్టే మనిషి గురించా అని అది అడుగుతుంది; జూమ్ లెన్సు ఆ మాట ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆ ప్రశ్న కొత్తగా ఉంటుంది.

ఫోకస్ దాటిన చోట ఏర్పడే మసకకు జపాను భాషలో బొకే అని పేరు. 1997లో ఒక అమెరికన్ ఫోటోగ్రఫీ పత్రిక ఆ మాటను ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేశాక, అది ప్రపంచమంతటి లెన్సు ప్రకటనల్లోకీ పాకింది. (జపానులో అదే ఉచ్చారణతో ముసలితనపు మతిమరుపు అనే అర్థం కూడా ఉందన్న సంగతిని ప్రకటనలు చెప్పవు.) ఇప్పుడది ఒక వేలంవెర్రి. పెళ్లికి ముందు తీయించుకునే ఫోటోల కోసం జంటలు గోల్కొండ దాకా వెళ్లి, కోట గోడ మొత్తాన్నీ ముద్ద చేసేసి తిరిగి వస్తున్నారు. ఆ మసక వెనుక ఉన్నది కోటో, కాలేజీ ప్రహరీయో చెప్పగలిగినవారు లేరు. మసకలో తప్పు లేదు, దానికి కారణం ఉండాలి. కలకత్తాలో 1815లో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863లో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, కూతురూ అల్లుడూ ఒక కెమెరాను కానుకగా ఇచ్చారు. ఆమె తీసిన ముఖచిత్రాల్లో ఫోకస్ సరిగ్గా లేదని ఆనాటి ఫోటోగ్రఫీ పండితులు వెక్కిరించారు. ఆమె మాత్రం కంటికి ముఖం అందంగా తోచిన చోట ఆగి, అక్కడి నుంచి లెన్సును ఇంకా బిగించడానికి ఒప్పుకోలేదు. ఆ పండితుల పేర్లు ఇవాళ వెతుక్కోవలసినవే, ఆమె చిత్రాలు మాత్రం మ్యూజియముల్లో ఉన్నాయి.

చవకైన ప్రైమ్ అనగానే ఎక్కడైనా 50 మి.మీ. లెన్సు పేరే ముందు వినిపించడానికి కారణం కళాసిద్ధాంతంలో కన్నా గాజు లెక్కల్లో ఉంది. గణితవేత్త గౌస్ 1817లో దూరదర్శిని కోసం ఊహించిన రెండు పలకల అమరికను జతలుగా చేసి, ద్వారానికి ముందొకటి, వెనుకొకటి ఎదురెదురుగా నిలిపితే, ముందు సగం చేసే తప్పులను వెనుక సగం చాలావరకు దిద్దేస్తుందని తర్వాతివారు గ్రహించారు. జర్మనీలోని జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ 1896లో రూపొందించిన ప్లానార్ లెన్సు ఆ ఊహకు నిలకడైన రూపం. డబుల్ గౌస్ అని పేరుపడిన ఈ అమరికలో ఆరేడు పలకలతోనే సరళరేఖలు వంగకుండా, అంచుల్లో రంగులు చీలకుండా, పెద్ద ద్వారంతో లెన్సు చేయవచ్చు. నూరేళ్లకు పైగా చేస్తూ వచ్చిన పని కాబట్టి దాని తయారీలో కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు, అందుకే ధర తక్కువ. కెనాన్ సంస్థ 1987లో తెచ్చిన 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు 1990లో లోహాన్ని వదిలి ప్లాస్టిక్కులోకి మారి ఇంకా చవకైంది. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల కోసం అదే సంస్థ 2020లో తెచ్చిన రూపంలో ఆరే పలకలు, బరువు 160 గ్రాములు, ధర ఇరవై వేల రూపాయలకు అటూ ఇటూ. ఆ సంస్థే చేసే ఎఫ్/1.2 లెన్సులో పదిహేను పలకలు, బరువు 950 గ్రాములు, ధర రెండు లక్షలకు అటూ ఇటూ. పది రెట్ల డబ్బుకు దక్కే అదనపు వెలుతురు రెండున్నర రెట్ల లోపే. మిగిలిన డబ్బు ద్వారం పూర్తిగా తెరిచినప్పుడు కూడా మూలల దాకా తేటగా ఉండటానికి, ముఖ్యంగా దాన్ని జీవనాధారంగా వాడేవారి నిశ్చింతకు చెల్లిస్తారు. ఔత్సాహికులకు ఆ నిశ్చింత అవసరం లేదు, ఆ బరువూ అవసరం లేదు.

50 మి.మీ. లెన్సు మనిషి కన్ను చూసినట్టే చూస్తుందన్న మాట మాత్రం అతిశయోక్తి. కన్ను ఒకేసారి చాలా వెడల్పుగానూ చూస్తుంది, ఒక సన్నటి మధ్యభాగాన్నే శ్రద్ధగానూ చూస్తుంది. ఆ రెంటినీ కలిపి ఒక్క మిల్లీమీటరు అంకెగా చెప్పడం కుదరదు. పూర్తి చట్రం అని పిలిచే 36, 24 మిల్లీమీటర్ల చట్రానికి కర్ణం 43 మి.మీ. పైచిలుకు కాబట్టి, దానికి దగ్గరి నాభ్యంతరాన్ని సహజమైనదిగా లెక్కించే ఆనవాయితీ ఉంది; ఆస్కార్ బర్నాక్ రూపకల్పనతో 1925లో బజారుకు వచ్చిన లైకా కెమెరాకు 50 మి.మీ. లెన్సు అమర్చడంతో ఆ ఆనవాయితీ స్థిరపడింది. 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీజీ ఆఖరి రోజులనూ అంత్యక్రియలనూ చిత్రించిన హెన్రీ కార్టియర్ బ్రెసన్ జీవితంలో అధిక భాగం ఆ నాభ్యంతరంతోనే పని చేయడం వల్ల దానికి కీర్తి కూడా తోడైంది. ఆయన వాడింది పూర్తి చట్రపు ఫిల్ము, ఆయన నిలబడింది ఎక్కువగా వీధుల్లో. ఈ రెండు సంగతులనూ వదిలేసి అంకెను మాత్రం పట్టుకోవడం వల్లనే చిక్కు వస్తుంది.

ఔత్సాహికుల చేతుల్లో ఉండే మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటి సెన్సరు పూర్తి చట్రం కాదు. 1996లో వచ్చిన ఒక ఫిల్ము పద్ధతి పేరు మీద ఏపీఎస్-సీ అని పిలిచే ఈ చిన్న సెన్సరు సుమారు 23.5 మి.మీ. పొడవు, 15.6 మి.మీ. వెడల్పు ఉంటుంది, కెనాన్ చేసేది ఇంకొంచెం చిన్నది. లెన్సు అదే అయినా, దాని బొమ్మలో మధ్యభాగాన్నే ఇది తీసుకుంటుంది కాబట్టి చూపు సన్నబడి, 50 మి.మీ. లెన్సు పూర్తి చట్రం మీద 75 మి.మీ. లెన్సు చూపించేంత మేరనే చూపిస్తుంది. ఈ ఒకటిన్నర రెట్ల లెక్కను అందరూ బట్టీ పట్టి చెబుతారు గాని, దాన్ని ఇంటి గదిలోకి తెచ్చి చూసేవారు తక్కువ.

నిలబడి ఉన్న ఒక మనిషిని, తల మీద, కాళ్ల కింద కాస్త ఖాళీ వదిలి, కెమెరాను నిలువుగా పట్టి తీయాలంటే చట్రంలో రెండు మీటర్ల ఎత్తు పట్టాలి. దానికి ఏపీఎస్-సీ కెమెరా మీద 50 మి.మీ. లెన్సుతో పద్నాలుగు అడుగుల దూరం కావాలి. 35 మి.మీ. అయితే పది అడుగులు, 24 మి.మీ. అయితే ఏడు. పూర్తి చట్రం మీద 50 మి.మీ. లెన్సుకు తొమ్మిది అడుగుల పైచిలుకు చాలు. ఇప్పుడు పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న అపార్టుమెంటు గదిని తలచుకోవాలి: ఒక పక్క బీరువా, ఒక పక్క దివాన్, ఫోటోలో ఉండే మనిషి వెనుక గోడకు అడుగున్నర ఎడం, తీసే మనిషి వీపుకూ కంటికీ మధ్య ఒక అడుగు. పొడవు వైపున కూడా మిగిలేది తొమ్మిదిన్నర అడుగులు, వెడల్పు వైపున ఏడున్నర. పుట్టినరోజు నాడు కొత్త గౌను వేసుకున్న పిల్లను నిలువునా తీయాలని 50 మి.మీ. లెన్సు పట్టుకున్నవారు వెనక్కి జరిగి, ఇంకా జరిగి, చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి, మధ్యలో అడ్డం వచ్చేవారిని తప్పుకోమని అరుస్తూ ఉండటం చాలా ఇళ్లలో కనిపించేదే. ఇరవై వేల రూపాయల లెన్సు నెల తిరగకుండా బీరువాలో చేరడానికి ఆ గది పొడవు ఒక్కటి చాలు.

అలాగని 50 మి.మీ. లెన్సు ఏపీఎస్-సీ మీద పనికిరానిదని కాదు. దాని పని వేరు. తల, భుజాలు మాత్రమే పట్టే ముఖచిత్రానికి అది నాలుగు అడుగుల పైన నిలబడమంటుంది, 35 మి.మీ. లెన్సు మూడు అడుగులకు రమ్మంటుంది. ముఖం ఎలా వస్తుందో నిర్ణయించేది లెన్సని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి నిర్ణయించేది దూరమే. ముక్కు కొనకూ చెవికీ మధ్య పన్నెండు సెంటీమీటర్ల ఎడం ఉందనుకుంటే, అర మీటరు దూరం నుంచి చూసినప్పుడు చెవి ముక్కు కన్నా దాదాపు పాతిక శాతం ఎక్కువ దూరంలో ఉంటుంది, కాబట్టి ముక్కు ఉబ్బినట్టు, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. మీటరున్నర నుంచి అదే తేడా ఎనిమిది శాతం, ముఖం మనకు తెలిసిన ముఖంలాగే ఉంటుంది. సెల్ఫీలో తమ ముక్కు నచ్చనివారు నిందించవలసింది తమ చేతి పొడవును.

దూరానికి ఇంకో ముఖం కూడా ఉంది. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో వెలువరించిన పుస్తకంలో, మనుషులు ఒకరికొకరు ఇచ్చుకునే ఎడాన్ని వరసలుగా విభజించి, నాలుగు అడుగుల లోపలిది ఆప్తులకు, స్నేహితులకు చెందినదని, అక్కడి నుంచి పన్నెండు అడుగుల దాకా పరిచయస్తులదని చెప్పాడు. ఈ కొలతలు సంస్కృతిని బట్టి మారతాయని కూడా ఆయనే అన్నాడు. పెళ్లి పందిట్లో కుర్చీ కుర్చీకి తగిలేలా కూర్చునేవారికి ఈ గీతలు ఇంకొంచెం లోపలికి జరుగుతాయి. అయినా కెమెరా చేతిలో ఉన్నప్పుడు గీత గీతే. 24 మి.మీ. లెన్సుతో ముఖం నిండుగా కావాలంటే రెండడుగుల దూరానికి వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లగలిగేది సొంత మనుషుల దగ్గరికే, వాళ్లు కూడా కెమెరాను మరిచిపోయేంత అలవాటు పడ్డాకనే. లాడ్ బజారులో లక్కగాజులను నిప్పు సెగ మీద మెత్తబరిచి రాళ్లు అద్దే పనివాడిని తీయాలంటే, దుకాణం మెట్టు దగ్గర ఆగి, ఐదారు అడుగుల నుంచి, ఆయన పనికి అడ్డం రాకుండా తీయడమే మర్యాద. అక్కడ 50 మి.మీ. లెన్సు ఎంతో ఒద్దికైన సాధనం. లెన్సు కొనడమంటే, మనుషులకు ఎంత దగ్గరగా నిలబడే స్వభావం తమదో ఔత్సాహికులు ఒప్పుకోవడం. మొహమాటస్తులు వెడల్పు లెన్సు కొంటే, వారి ఫోటోల్లో మనుషులు చిన్నగా, గోడలు పెద్దగా కనిపిస్తాయి.

మిర్రర్‌లెస్ కెమెరాలు ఈ ఎంపికను కొంత సుళువు చేశాయి, ముందు 50 మి.మీ. కొనమనే పాత సలహా మాత్రం మారలేదు. అద్దం ఉన్న ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఆ అద్దం లేచి పడటానికి లెన్సుకూ ఫిల్ముకూ మధ్య కెనాన్ 44 మి.మీ., నికాన్ 46.5 మి.మీ. చోటు వదిలేవి. 50 మి.మీ. లెన్సు ఆ ఖాళీకి ముందు హాయిగా ఇమిడేది. 24, 28 వంటివాటికి మాత్రం బొమ్మను వెనక్కి నెట్టే అదనపు పలకలు కావలసి వచ్చి, అవి బరువెక్కేవి, ధరా ఎక్కేది. 2008లో పానసోనిక్ తెచ్చిన జీ1తో అద్దం పోయింది. నేటి కెనాన్ కెమెరాల్లో ఆ ఖాళీ 20 మి.మీ., నికాన్ వాటిలో 16. దానికి తోడు, వంగిన గీతలను కెమెరాలోని సాఫ్ట్‌వేరే సరిచేసి, చూసే తెర మీదే దిద్దిన బొమ్మను చూపిస్తుంది కాబట్టి, గాజు చేయవలసిన పనిలో కొంత తగ్గింది. ఇది మోసమని చిరాకుపడే శుద్ధవాదులు ఉన్నారు. ఆ దిద్దుబాటు వల్ల మూలల్లో స్పష్టత కొంత తగ్గే మాట నిజమే గాని, తల్లి ఒడిలోని బిడ్డ ఫోటోలో మూలలను తరచి చూసేవారెవరూ ఉండరు. నికాన్ 2023లో ఏపీఎస్-సీ కోసం తెచ్చిన 24 మి.మీ. ఎఫ్/1.7, అదే ఏడాది కెనాన్ తెచ్చిన అంగుళం లోపు మందం ఉండే 28 మి.మీ. ఎఫ్/2.8, సోనీ కెమెరాల కోసం సిగ్మా 2016లో మొదలుపెట్టిన 30 మి.మీ. ఎఫ్/1.4 వంటివి ఈ మార్పుకు ఫలితాలు. చైనా సంస్థలు చేతితో ఫోకస్ తిప్పుకునే లోహపు ప్రైమ్‌లను పది వేల రూపాయల లోపు అమ్ముతున్నాయి. తెర మీద ఫోకస్ కుదిరిన అంచులకు రంగుగీత చూపించే సదుపాయం కొత్త కెమెరాల్లో ఉంటుంది కాబట్టి, కదలని వస్తువులకు అవి చక్కగా పనికివస్తాయి. పరుగెత్తే పిల్లలకు పనికిరావు.

అద్దం వదిలిన ఖాళీలో అడాప్టరు అనే లోహపు గొట్టాన్ని బిగించి, పాత ఫిల్ము కెమెరాల లెన్సులను కూడా వాడుకోవచ్చు. సోవియట్ కాలపు హీలియోస్ 58 మి.మీ. ఎఫ్/2 లాంటివాటికి ఇవాళ మళ్లీ గిరాకీ రావడానికి కారణం ఇదే. కోఠిలోని కెమెరా దుకాణాల్లోనో, తెలిసినవారి అటక మీదనో దొరికే పాత లెన్సు తీసుకునేటప్పుడు, ద్వారం పూర్తిగా తెరిచి, ఫోనులోని టార్చిని వెనుక నుంచి వేసి, గాజులోకి ఏటవాలుగా చూడాలి. సాలెగూడు పోగుల్లా సన్నటి తెల్లటి తీగలు కనిపిస్తే అది బూజు. చవగ్గా వచ్చినా వదిలేయాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో గాలిలోని తేమకు కొత్త లెన్సుకైనా ఈ బెడద తప్పదు. తోలు సంచిలో చుట్టి బీరువాలో దాచడం కన్నా, రబ్బరు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడం మేలు, అంతకన్నా మేలు రోజూ బయటికి తీసి వాడటం.

పెళ్లి ఫోటోగ్రాఫరు జూమ్ లెన్సు వాడతాడు, వాడాలి కూడా. జీలకర్ర, బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. పురోహితుడి భుజం అడ్డం వచ్చినా, మేనమామ ముందుకు వంగినా, నిలబడిన చోటు నుంచే చూపు మార్చుకోగలగడం అతని వృత్తిధర్మం. డబ్బు తీసుకున్నాక ఆ క్షణం దొరకలేదని చెప్పే హక్కు అతనికి లేదు. ఔత్సాహికులకు ఆ హక్కు ఉంది, వారి అసలైన సంపద అదే. ఉత్సాహం నుంచి వచ్చిన ఔత్సాహికులు అన్న మాటలోనే ఎవరికీ బాకీ లేని తనం ఉంది. దొరకని ఫోటోను వదిలేసి, నిలబడ్డ చోటు నుంచి దొరికేదాన్ని వెతుక్కోవడం ఎవరూ కూలి ఇవ్వని పనిలోనే సాధ్యం. హైదరాబాదు ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పేరు పొంది, సికిందరాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ కూడా, ఇందోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ 1870ల దశకంలో ఔత్సాహికుడిగానే కెమెరా పట్టాడు. ఆయన కాలపు పెట్టె కెమెరాల లెన్సులన్నీ ఒకే చూపు గలవే. స్టిల్ ఫోటోలు తీసే 35 మి.మీ. కెమెరాలకు మొదటి జూమ్ లెన్సు 1959లో గాని రాలేదు. కోటను గాని, దర్బారును గాని తీసే ముందు కెమెరాను నిలిపే ముక్కాలి స్టాండును ఎక్కడ దించాలన్నదే ఆ రోజుల్లో తేలవలసిన మొదటి సంగతి.

ఎంపికకు సమీక్షల కన్నా నమ్మదగిన సాక్ష్యం ప్రతి ఒక్కరి కంప్యూటరులోనే ఉంటుంది. డిజిటల్ కెమెరా తీసే ప్రతి ఫోటో లోపల, ఏ నాభ్యంతరం దగ్గర తీశారో నమోదవుతుంది. ఏడాది పాటు జూమ్ లెన్సుతో తీసినవాటిలో దాచుకోదగ్గవని అనిపించిన వంద ఫోటోలను విడదీసి ఆ అంకెలు చూస్తే, అవి ఎక్కడ గుమిగూడాయో తెలిసిపోతుంది. అక్కడ చిన్న జాగ్రత్త అవసరం: జూమ్ లెన్సు రెండు చివరల దగ్గరా అంకెలు ఎలాగూ పోగుపడతాయి, ఎందుకంటే వలయం అక్కడికి వెళ్లి ఆగిపోతుంది. అందుకే ఇంకో పరీక్ష కూడా చేయాలి. జూమ్ వలయాన్ని 24 దగ్గర పెట్టి, కదలకుండా ఒక టేపు ముక్క అంటించి వారం రోజులు, తర్వాత 35 దగ్గర మరో వారం, 50 దగ్గర ఇంకో వారం వాడితే, ఎక్కడ కాళ్లు వాటంతటవే ముందుకు వెళ్లాయో, ఎక్కడ వీపు గోడకు తగిలిందో శరీరానికే తెలుస్తుంది. దీనికి అయ్యే ఖర్చు టేపు ముక్క మాత్రమే.

అంత ఓపిక లేనివారు కూడా, దుకాణానికి బయలుదేరే ముందు, ఇంట్లో మనుషులు ఎక్కువగా కూర్చునే గదిని ఒక్కసారి కొలిచి చూడాలి. బీరువాలు, మంచాలు పోగా పది అడుగులు మిగలని గదిలో, ఏపీఎస్-సీ కెమెరా మీద, మొదటి ప్రైమ్‌గా 50 మి.మీ. లెన్సు తగదు, 24కూ 28కీ మధ్యది తగుతుంది.